సాలీడు చేరిన చీర అంచు

ఈ వర్షాకాలం హిందూపురంలో మా మిద్దెతోటకు ఒక కొత్త పురుగు వచ్చింది. బియ్యపు గింజంత తెల్లటి ఒళ్లు, వెనక విచ్చుకున్న మైనపు పోగులు. ముట్టుకోబోతే గెంతేది. పట్టుచీరలకు డిజైన్లు గీయడం నా పని. బెంగళూరులో, నగరాల తోటలకు వస్తున్న కొత్త పురుగుల మీద ఒక కళాప్రదర్శన ఉంది. దానికోసం ఈ పురుగును చీర అంచుగా మలిచి ధర్మవరం పంపాను. నా డిజైన్లు నేసే సుంకమ్మ బొమ్మ చూడగానే ఫోన్ చేసింది.

"ఇది ఎవురి పంటన్నా తినే పురుగేమో కనుక్కున్యావా అక్కా? ఎర్ర గొంగళి పురుగొచ్చి మా నాయన చెనక్కాయ చేనంతా మోడు చేసిపాయ. అట్లాంటిదైతే నా మగ్గం మింద ఎక్కియ్యను."

గడువు దగ్గరపడింది. అయినా ఆమెను బలవంతపెట్టలేకపోయాను. మా ఊరి చుట్టూ మల్బరీ తోటలు. ఆ భయం నాకూ పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే, దాని సంగతి కనుక్కుందామని ప్యాసింజర్ రైలెక్కాను. పురుగును వెంట తీసుకెళ్లలేదు. ఇంకో ఊరికి నేనే దాన్ని చేరవేసినట్టవుతుంది. ఫోన్లో ఫోటోలున్నాయి, చాలు.

పెనుకొండలో దిగి, స్టేషన్ బయట ఉగ్గాని తిని, ఆటోలో రఫీ ఇంటికి చేరాను. రఫీ నాతో చదువుకున్నవాడే. ఇప్పుడు వ్యవసాయ కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెబుతాడు. ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు.

"రసం పీల్చేదే, ఈ పక్కకు కొత్తది. పంటలకు నష్టం చేసినట్టు మాకింతవరకూ కబురు రాలే. మందు కొట్టొద్దు. ఎక్కువైతే నీళ్లు గట్టిగా చల్లు, రాలిపోతాయి. ఈడ చూడు, మీ తోటలో సాలీడు దాన్ని పట్టి తింటాంది."

ఆ ఫోటో తీసింది నేనే. సాలీడును గమనించనేలేదు.

ధర్మవరం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రాత్రంతా పట్టని నిద్ర ఇప్పుడు ముంచుకొచ్చింది.

మధ్యాహ్నం సుంకమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆమె మగ్గం ఆపి లేచింది. రఫీ చెప్పినదంతా, 'ఇంతవరకూ' అన్న మాటతో సహా చెప్పాను. ఆమెకు చాల్లేదు. "ఆయప్పతో నేనే మాట్లాడతా" అంది. ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"చెనక్కాయ తింటాదా సార్?"

"తిన్నట్టు యాడా తెలీదమ్మా. తెలిస్తే మీకే ముందు చెప్తా."

సుంకమ్మ ఫోన్ తిరిగిచ్చి అప్పుడు నవ్వింది. "అయితే నేస్తా. కానీ ఆ సాలీడును గూడా పెట్టక్కా. దాన్ని తినేది పక్కనుంటే నాకు ధైర్నంగా ఉంటాది."

ఆమె పెట్టిన అన్నం, పప్పు తిని సాయంత్రం రైలెక్కాను. ఒళ్లో కాగితం పెట్టుకుని సాలీడు గీస్తుంటే, పక్కన కూర్చున్న అవ్వ తొంగిచూసింది.

"ఏం గీస్తాండావమ్మా?"

"చీరకు సాలీడు, అవ్వా."

నవ్వుతుందనుకున్నాను. ఆమె తన కొంగు చేతిలోకి తీసుకుని చూసుకుంది.

"నా చీరకు హంసలుండాయి. హంసను నేను యాడా చూళ్లేదు. సాలీడునైతే దినామూ చూస్తా."