జప్తు చేసిన పాల డబ్బాలు

మా కొట్టూ ఇల్లూ ఒక్కటే. వడమాలపేటలో రోడ్డు మీదికి కొట్టు, కొట్టు వెనక నడవ, నడవకు ఒక పక్క దేవుడి గది, ఇంకో పక్క వంటిల్లు. ఎక్కడ కొట్టు అయిపోయి ఎక్కడ ఇల్లు మొదలవుతుందో మాకు తెలుసు. పైవాళ్లకు తెలిసేలా గీత గీసి పెట్టుకోలేదు. గీయాలని తోచనే లేదు.

బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పి చాలా కాలమయింది. యుద్ధం అయిపోయినా కొరత మాత్రం పోలేదు. చక్కెర, కిరసనాయిలు, వనస్పతి, సబ్బు, పసిపిల్లల పాల డబ్బా, అన్నిటికీ ప్రభుత్వం ధర కట్టింది. కంట్రోలు రేటు అనేవాళ్లం. ఏ సరుకుకు ధర కడితే ఆ సరుకు మరుసటి రోజు నుంచి కంటికి కనబడదు. కనబడాలంటే వెనక గుమ్మం దగ్గరికి పోవాలి, అక్కడ రేటు వేరే. ప్రతి కొట్టు ముందరా నల్ల బోర్డు వేలాడదీయాలి. పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో సరుకు పేరు, ధర, కొట్లో ఎంత ఉందో రాయాలి. రాసింది ఒకటీ లోపల ఉన్నది ఇంకొకటీ అయితే మనిషిని తీసుకుపోతారు.

మా ఆయన భయస్థుడు. కంట్రోలు రేటుకే అమ్మేవాడు, ఉన్నంతవరకే అమ్మేవాడు.

నాకు అప్పుడే తొలి కాన్పు. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే నాకు విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. ఆవుపాలు పడితే బిడ్డకు విరేచనాలు. గాడిదపాలు మందులాగా ఉగ్గుగిన్నెలో ఒక గుక్క పట్టడానికే గానీ కడుపు నింపడానికి దొరకవు. తిరుపతిలో డాక్టరమ్మ చూసి, డబ్బా పాలు తప్ప వీడికి ఇంకేదీ పట్టొద్దని చెప్పింది. అదృష్టం కొద్దీ ఆ వారమే కొట్టుకు పాల డబ్బాలు వచ్చాయి. మా ఆయన కొన్ని లోపలికి ఇచ్చి మిగతావి బోర్డు మీద రాసి అమ్మేశాడు. అవి ఒక్క పూటలో అయిపోయాయి.

లోపలికి వచ్చిన డబ్బాలను మా అత్త దేవుడి గదిలో పెట్టింది. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, మీద ఎర్రగుడ్డ కప్పింది. మా ఇళ్లలో పసిబిడ్డ తినేదాన్ని లెక్కపెట్టరు. లెక్కపెడితే ఆయుష్షుకు లెక్క కట్టినట్టని నమ్మకం. అందుకని ఎన్నున్నాయో ఆమె చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు. మా ఆయన కూడా వాటిని సరుకులో చేర్చలేదు. బోర్డు మీద పాల డబ్బాలు లేవని రాశాడు. ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు. కొట్లో లేవు కదా.

ఒక రోజు పొద్దున ఒక ఆడమనిషి చంకలో బిడ్డతో వచ్చి డబ్బా అడిగింది. ఆయన బోర్డు చూపించాడు. ఆమె నడవలోకి తొంగి చూసి వెళ్లిపోయింది. ఎవరు చెప్పారో ఏమో, ఆ మధ్యాహ్నమే జీపు వచ్చి ఆగింది. అధికారి ఒకాయన, ఇద్దరు గుమాస్తాలు, ఒక పోలీసు దిగారు.

"ఏం షావుకారూ, పాల డబ్బాలు లేవని రాసినావు?" అన్నాడు అధికారి.

"లేవు సార్. చూసుకోండి."

చూశారు. కొట్టంతా చూసి నడవలోకి వచ్చారు. దేవుడి గది ముందర గుమాస్తా చెప్పులు విడిచి, దండం పెట్టుకుని మరీ లోపలికి పోయాడు. ఎర్రగుడ్డ తీశాడు.

"ఇవి నా బిడ్డకు సార్," అన్నాడు మా ఆయన.

"కొట్టుకు వచ్చిన సరుకేనా?"

"కొట్టుకే వచ్చినాయి. దాంట్లో..."

"ఎన్ని ఉండాయి?"

ఆయన మా అత్త వైపు చూశాడు. ఆమె చీర చెంగు భుజాన సర్దుకుని, "లెక్క పెట్టలేదు నాయనా. పసిబిడ్డ తిండిని లెక్క పెట్టం మేము," అంది.

గుమాస్తా నవ్వాడు. "కందిపప్పు గింజగింజ సూసి అమ్మేటోళ్లు, పాల డబ్బాలు మాత్రం లెక్కపెట్టరా అవ్వా? బొట్టు పెట్టి దాచిపెట్టినారే, పెండ్లికూతురిని దాచినట్లు."

డబ్బాలు జీపెక్కాయి. మా ఆయన కూడా ఎక్కాడు. కొట్టు తలుపులకు సీలు వేశారు. అధికారి మాట కఠినంగా ఏం లేదు. తెరిచి ఉన్న డబ్బాలో ఎంతుందో చూసి, "ఇది వాడుకోండమ్మా," అని దాన్ని వదిలిపెట్టాడు. అందులో అడుగున కొంచెం ఉంది.

ఆ కొంచెం అయిపోయాక మేం తిరగని చోటు లేదు. పుత్తూరు పోయాం, తిరుపతి పోయాం, తిరుచానూరులో పూల అంగళ్ల వెనక ఒక మందుల షాపులో ఉందంటే అక్కడికీ పోయాం. ఎక్కడికి పోయినా నల్ల బోర్డు, బోర్డు మీద లేదన్న మాట. ఒక కొట్టాయన మా అత్తను గుర్తుపట్టాడు. "మీ ఇంట్లోనే దొరికినాయంట కదమ్మా, మళ్లా మా దగ్గరికి ఎందుకొస్తిరి?" అన్నాడు. బ్లాకులోనైనా ఇమ్మని నేను అడిగితే ఆయన బెదిరిపోయి, గట్టిగా మాట్లాడొద్దని రెండు చేతులూ ఎత్తాడు. పట్టుబడిన ఇంటివాళ్లం. మాకు దొంగచాటుగా అమ్మడానికి దొంగలకు కూడా ధైర్యం లేకపోయింది.

బిడ్డకు బెల్లం నీళ్లు పట్టాం. రాగిజావ మీది తేట పట్టాం. అదీ నిలవలేదు. మొదట్లో వాడి ఏడుపు వినలేక చెవులు మూసుకునేదాన్ని. తర్వాత ఏడుపు సన్నబడింది. పిల్లి కూన మాదిరి. ఆ తర్వాత నోరు తెరిచేవాడు గానీ శబ్దం రాలేదు. అప్పుడు నేను వాణ్ని గిల్లాను, ఏడవమని.

జప్తు చేసిన సరుకును పుత్తూరు తాలూకా ఆఫీసు వరండాలో కంట్రోలు రేటుకు జనానికి అమ్ముతారని పక్కింటాయన చెప్పాడు. మనిషికి ఒకటే డబ్బా. బిడ్డను ఎత్తుకొచ్చి చూపించాలి. పొద్దున బస్సుకే పోయాం. అప్పటికే వరస గేటు దాకా ఉంది. అందరి చంకల్లోనూ పిల్లలు. వరండాలో బల్ల, బల్ల మీద మా డబ్బాలు. మా అత్త పెట్టిన బొట్లు అలాగే ఉన్నాయి. ఒక్కో డబ్బా ఇచ్చేటప్పుడు గుమాస్తా మేకుతో మూతకు రెండు బొక్కలు పొడుస్తున్నాడు, ఎవరూ మళ్లీ అమ్ముకోకుండా.

మా ముందర నిలబడిన ఆమె వెనక్కి తిరిగింది. ఆ రోజు పొద్దున కొట్టుకు వచ్చి పోయిన మనిషే.

"ఏం షావుకారమ్మా, నువ్వు గూడా వరసలో నిలబడినావా? మీ ఆయన నాకు లేదనె."

"కొట్లో లేవు తల్లీ," అంది మా అత్త.

"కొట్లో లేకపోతే దేవుని గదిలో ఉంటాయని మాకేం తెలుసు. తెలిసుంటే కొబ్బరికాయ పట్టుకోని వచ్చి ఉందుము."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల దించుకుని బిడ్డ మొహం చూస్తున్నాను. వాడి నడినెత్తి గుంట పడి ఉంది. ఆమె కూడా చూసింది. చూసి, తన బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని ముందుకు తిరిగింది.

మా వంతు వచ్చేసరికి బల్ల మీద రెండో మూడో ఉన్నాయి. గుమాస్తా మమ్మల్ని చూసి అధికారి వైపు చూశాడు. అధికారి కళ్లద్దాలు తీసి, "మీకు ఇచ్చేదానికి లేదమ్మా. కేసు ఉండాది. ఎవరి దగ్గర పట్టినామో వాళ్లకే మళ్లా అమ్మితే రేపు నన్ను అడుగుతారు," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే చెప్పాడు. వెనకనుంచి ఎవరో, "ఇంట్లో ఇంకా ఉంటాయి లెండి, సూడండి పోయి," అన్నారు.

మా అత్త నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. నాకు ఏం చేస్తోందో అర్థం కాలేదు. గుడ్డతో సహా వాణ్ని తీసుకెళ్లి బల్ల మీద, డబ్బాల పక్కన పడుకోబెట్టింది.

"ఇది గూడా ఆ ఇంట్లో దొరికిన సరుకే నాయనా. దీన్నొక్కదాన్నీ వదిలిపెట్టి పోయినారు మీరు. దీన్ని గూడా జప్తు చేసుకో. మీ ఆఫీసులోనే పెట్టి సాకు."

చెప్పి రెండడుగులు వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. నేను ముందుకు పోబోతే నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి తెలుసు. బల్ల మీద బిడ్డ కాళ్లాడించలేదు. కళ్లు సగం తెరిచి పై కప్పు చూస్తున్నాడు. ఎవరి చంకలోనో ఇంకో బిడ్డ గట్టిగా ఏడిస్తే, ఆ ఏడుపు ఎంత బలంగా ఉందో అని నాకు కుళ్లు పుట్టింది.

"బిడ్డను తీయండమ్మా," అన్నాడు అధికారి.

"తీయను."

ఆయన గుమాస్తా చేతిలో మేకు తీసుకుని, తనే ఒక డబ్బాకు రెండు బొక్కలు పొడిచాడు. "కంట్రోలు రేటు ఎంతో తీసుకోవయ్యా," అన్నాడు. మళ్లీ నెల దాకా ఈ బిడ్డ పేరు మీద ఇచ్చేది లేదని కూడా చెప్పాడు. ఒక్క డబ్బా వారం దాకా వస్తే గొప్ప.

ఎదురుగా టీ బంకులో వేణ్ణీళ్లు అడుక్కుని అక్కడే కలిపాం. ఉగ్గుగిన్నె మూతికి పెడితే మొదటి గుక్క పెదాల పక్కనుంచి కారిపోయింది. రెండోది వాంతి చేసుకున్నాడు. మా అత్త వేలితో గొంతు కింద నిమురుతూ మూడోది పోసింది. గొంతు కదిలింది.

వాడు బతికాడా అని అడుగుతారు. బతికాడు. వాళ్ల నాయన కొన్నాళ్లకు ఇంటికొచ్చాడు, కొట్టు మాత్రం మళ్లీ తెరవలేకపోయాడు. కానీ ఆ రోజు బస్సులో కూర్చున్నప్పుడు ఇవేవీ మాకు తెలియవు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ, ఇంకో చేత్తో డబ్బా బొక్కలను చెమ్మ తగలకుండా మూసిపెట్టి కూర్చున్నాను.

తిరుపతి బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. వడమాలపేటలో ఆగినప్పుడు నేను లేవబోయాను. మా అత్త లేవలేదు.

"కూర్చో అమ్మే. తిరుపతి దాకా టికెట్టు తీసినా."

"తిరుపతిలో అందరినీ అడిగినాం కదత్తా?"

"మళ్లా అడుగుదాం," అంది.