మెట్ల మీద ఆగే అమ్మాయి

రాయదుర్గం ఆఫీసులో నా టీంలో పనిచేసిన అమ్మాయి ఒకతె మెట్లెక్కుతూ సగంలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడేది. "జర ఆగక్కా, వస్తున్న" అనేది. ఒకరోజు అందరి ముందూ "ఈ వయసులో ఇంత బద్ధకమా?" అన్నాను. అందరితో పాటు తనూ నవ్వింది.

కొన్నాళ్లకు ఆమెకు ఆపరేషన్ అయిందని తెలిసి చూడటానికి వెళ్లాను. పుట్టుకతోనే లోపలికి కుంగిన రొమ్ము ఎముక గుండెను నొక్కుతోందట. దాన్ని పైకెత్తడానికి లోపల స్టీలు కడ్డీ పెట్టారు.

పక్కనున్న తల్లితో మెల్లగా అంది: "అమ్మా, చెప్పిన గదా, దవాఖానల చూపించుకొమ్మన్నది ఈ అక్కనే."

నేనెన్నడూ ఆ మాట అనలేదు. ఆ తల్లి "సల్లగుండు బిడ్డా" అంటూ నా చేతులు రెండూ కళ్లకద్దుకుంది. కాదని చెప్పాల్సింది. తలూపి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.