ఎరుక పిలుపులో ఆగే చోటు

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి పిల్లలందరూ మా అత్తను మంత్రగత్తె అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని, కాకపోతే ఆవిడకు వినపడకుండా. మా నాన్నకు అక్క ఆవిడ. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే రైలెక్కి దుగ్గిరాల వెళ్ళి పసుపు కొమ్ములు ఏరే పని చేసేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. సబ్బుతో ఎంత రుద్దినా ఆ పచ్చదనం పోయేది కాదు. పసుపూ బొట్టూ లేని లూథరన్ల ఇంట్లో, అందులోనూ భర్త పోయినావిడ, ఆదివారం చర్చిలో ఆ చేతులతో పాటల పుస్తకం పట్టుకుని నిలబడితే చూసేవాళ్ళకు ఏదోలా ఉండేదట.

చేతులొక్కటే అయితే పోనీలే అనుకునేవాళ్ళేమో. ఆవిడ నోరంటే కూడా జనానికి భయం. ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చుని కష్టం చెప్పుకుంటుంటే, కొంగున ముడేసుకున్న పసుపు కొమ్ము ఒకటి తీసి పుటుక్కున విరిచేది. లోపలి రంగు చూసి, "మీ అల్లుడు ఈ వారంలో వస్తాడులే, ఏడవకు" అనేది. ఆ అల్లుడు నిజంగానే దిగేవాడు. రాకపోయిన అల్లుళ్ళు కూడా ఉండే ఉంటారు, వాళ్ళ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మా నాన్నకు మాత్రం ఇది చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆయన చర్చి సంఘంలో పెద్ద. సోదె అడగడం, చెప్పడం రెండూ పాపమేనని బైబిలు తీసి చూపించేవాడు. "సంఘంలో నా తల తీసేస్తావా అక్కా? చర్చి అయ్యగారికి తెలిస్తే నిన్ను ప్రభు భోజనానికి రానిస్తారా?" అని గొంతు తగ్గించి కేకలేసేవాడు. గొంతు తగ్గించి కేకలేయడం మా నాన్నకే చేతనవును.

ఆయన భయానికి కారణం ఉంది. మా తాతమ్మ, అంటే అత్తకూ నాన్నకూ నాయనమ్మ, బాపట్ల నుంచి తెనాలి దాకా ఊళ్ళన్నీ తిరిగి ఎరుక చెప్పిన మనిషి. మధ్యవయసులో బాప్తిస్మం తీసుకుంది. ఆ ముందురోజు సాయంత్రం బుట్టా, చేటా, ఎరుక చెప్పే కర్రా అన్నీ తీసుకుపోయి సూర్యలంక సముద్రంలో కలిపేసిందని మా ఇంట్లో కథ. అయ్యగార్లు ఆ కథను ప్రసంగాల్లో చెప్పేవారు. అందరూ మెచ్చుకునేవారు, ఒక్క మా అత్త తప్ప. చిన్నతనంలో తాతమ్మ ఆవిడకు జడ వేస్తూ పెదవుల కింద ఏదో పాడుకునేదట. అందులో కొన్ని పేర్లు అత్తకు అంటుకున్నాయి. మిగతావి చెప్పమని అడిగితే వీపు మీద ఒకటి వేసిందట. "మనవరాలినైన నాకివ్వకుండా ఉప్పునీళ్ళ పాలు చేసింది" అని అత్త ఎన్నిసార్లు అనేదో! సముద్రం మీద కూడా కుళ్ళుకున్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఎండలు ముదిరే రోజుల్లో మా వీధికి ఎరుక చెప్పే ఆవిడ ఒకామె వచ్చేది. చంకన వెదురుబుట్ట, అందులో చిన్న చేట, చేతిలో అరిగి నున్నబడిన కర్ర. వీధి మొదట్లోనే పిలుపు అందుకునేది. ఎరుక చెబుతానమ్మా ఎరుక అని మొదలుపెట్టి, కంచి కామాక్షమ్మ, మధుర మీనాక్షమ్మ, బెజవాడ దుర్గమ్మ అంటూ పెద్ద అమ్మవార్ల నుంచి మా వైపు ఊళ్ళలోని అమ్మవార్ల దాకా పేర్లు వరసగా చెప్పుకొచ్చేది. అవన్నీ అయ్యాక ఒకచోట ఆగేది. ఒక ఊపిరి సేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఎవరో ఒకావిడ పేరు చెప్పి ముగించేది.

ఆ పిలుపు వినపడితే మా అత్త చేతిలో పని ఆగిపోయేది. గుమ్మం వెనక నిలబడి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేటలో బియ్యం పోసి చెయ్యి చాపడం చూస్తూ పళ్ళు నూరేది. ఎవరూ అడగకపోయినా తీర్పులు చెప్పేది. "ఆ గొంతేంటే, జీవం లేకుండా! ఇలాంటిదానికా ఈ మహాతల్లులు బియ్యం పోస్తున్నారు? అదుగో, అక్కడ ఆగిపోయింది విన్నావా? ఊపిరి అందదు దానికి. మా నాయనమ్మ ఎక్కడా ఆగేది కాదు" అనేది. ఎరుక చెప్పడం ఒక్కనాడూ నేర్చుకోని మనిషి, ఎదుటావిడ పనిలో అన్ని తప్పులు పట్టడం నాకు భలే నవ్వు తెప్పించేది. కానీ ఆవిడ మొహం చూస్తే నవ్వలేకపోయేదాన్ని. తన కంచంలో అన్నం వేరేవాళ్ళు తింటుంటే చూస్తున్నట్టు ఉండేది.

ఆ మొహం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే ఆ ఏడు నాదీ అదే మొహం. రేపల్లెలో మా పిన్ని చనిపోయింది. బాబాయి తన కూతురిని తీసుకొచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఒత్తైన జుట్టు, పెద్ద కళ్ళు, అడిగినదానికల్లా తల ఊపే మంచితనం. అప్పటిదాకా రాత్రిళ్ళు అత్త పక్కన పడుకున్నది నేను. అత్త జడ వేసింది నాకు. దుగ్గిరాల నుంచి వచ్చేటప్పుడు కొంగులో కట్టుకొచ్చిన మరమరాలు ముందు నా దోసిట్లో పడేవి. ఆ పిల్ల వచ్చిన రోజు నుంచీ అన్నీ దానికే. తల్లి లేని పిల్ల అని అందరూ అనేవాళ్ళు. మా అమ్మ కూడా ఆసుపత్రి డ్యూటీ నుంచి రాగానే ముందు దాని నుదురు పట్టుకుని చూసేది. తల్లి ఉండడమే నా తప్పయిపోయినట్టు నాకు ఏడుపొచ్చేది. పంతం పట్టి గోడవారగా చాప వేసుకుని వేరే పడుకున్నాను. ఎవరైనా వచ్చి పిలుస్తారని చూశాను. ఎవరూ పిలవలేదు.

ఒకరోజు నాన్న సంఘం పనిమీద బాపట్ల వెళ్ళాడు. అమ్మ డ్యూటీలో ఉంది. అత్తకు ఆ పూట పని లేదు. మధ్యాహ్నం వీధిలో ఎరుక పిలుపు వినపడింది. అత్త కాసేపు గుమ్మానికి అతుక్కుపోయి నిలబడింది. తర్వాత ఒక్కసారిగా వీధిలోకి వెళ్ళి, "ఇదిగో అమ్మాయ్, దొడ్డివైపు నుంచి రా" అంది.

దొడ్లో వేపచెట్టు నీడన కూర్చున్నారు. అత్త చేటలో బియ్యం పోసింది. రేపల్లె పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను. ఇంత పెద్ద రహస్యంలో కూడా ఒడి దానికే దక్కిందని కడుపు రగిలిపోయింది.

"ఎవరిని పలికించమంటారమ్మా?" అని అడిగింది ఆవిడ.

"పోయిన మా నాయనమ్మని. ఒక్కటే అడగాలి. నాకెందుకివ్వలేదని" అంది అత్త.

ఆవిడ కర్ర బియ్యంలో ఆనించి పేర్లు మొదలుపెట్టింది. ఎప్పటిలాగే ఆ చోటుకు వచ్చి ఆగింది. అత్త ఉండబట్టలేకపోయింది. "ఇన్నేళ్ళు తిరిగినా ఊపిరి పట్టడం రాలేదా నీకు? మా నాయనమ్మ ఇక్కడ ఆగేది కాదు" అంది.

ఆవిడకు కోపం రాలేదు. "మీ నాయనమ్మగారూ ఎరుక చెప్పేవారా అమ్మా? ఏ ఊరు?" అని అడిగింది. అత్త, బాపట్ల అని చెప్పి తాతమ్మ పేరు కూడా చెప్పింది. ఆవిడ పెదవుల మీద వేలు వేసుకుని, "ఆ పేరు నా ముందు పలక్కండమ్మా" అంది. చాలాసేపు అత్త మొహంలోకే చూసింది. చివరికి చేతిలో కర్రను రెండు చేతులతో అత్తకు అందించింది.

అత్త తీసుకుని తిప్పి చూసింది. కర్ర చివర చిన్న చిన్న గాట్లు ఉన్నాయి. మా తాతయ్యకు పాలపళ్ళు వచ్చేటప్పుడు తాతమ్మ పక్కన పెట్టుకున్న కర్రను కొరికి పెట్టేవాడని మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు. అత్త పచ్చటి వేళ్ళు ఆ గాట్ల దగ్గర ఆగిపోయాయి.

అప్పుడు చెప్పింది ఆవిడ. తాతమ్మ సముద్రంలో ఏదీ కలపలేదు. ఆమె వెంట బుట్ట మోస్తూ తిరిగిన ఒక అనాథ పిల్ల ఉండేదట. బాప్తిస్మం ముందురోజు బుట్టా కర్రా ఆ పిల్ల చేతిలో పెట్టి, తను తిరిగే ఊళ్ళు, వీధులు కూడా ఆమెకే అప్పజెప్పింది. మా వీధి ఆ వీధుల్లో ఒకటి. ఆ పిల్లే ఈవిడకు తల్లి. "మీకు దేవుడున్నాడు, బడి ఉంది, ఇల్లుంది. మా అమ్మకు ఈ బుట్ట తప్ప ఎవరున్నారమ్మా?" అంది.

అత్త మొహం నేను మర్చిపోలేను. సముద్రానికిచ్చిందంటే ఇన్నాళ్ళూ ఎలాగో ఓర్చుకుంది. మనిషికిచ్చిందంటే ఓర్చుకోలేకపోయింది. కర్రను గుండెకు అదుముకుని, "ఇది మాది" అంది, చిన్నపిల్లలా. "మాది. ఇవ్వను."

"మీదేనమ్మా. ఉంచుకోండి" అంది ఆవిడ. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కర్ర లేకపోతే ఆవిడకు రేపటి నుంచి తిరగడానికి వీధి లేదు, తినడానికి గింజ లేదు. అది నాకు కూడా తెలుస్తూనే ఉంది. అయినా నేను మనసులో, ఇవ్వకు అత్తా, మనదే, ఇవ్వకు అని అరుస్తున్నాను.

అత్త కర్ర వదలకుండానే అడిగింది. "మరి అక్కడ ఎందుకాగుతావు?"

"అమ్మవార్ల పేర్లయ్యాక మాకు నేర్పినవాళ్ళ పేర్లు చెప్పుకోవాలమ్మా. 'నేను ప్రభువు దగ్గరికి పోతున్నాను, నా పేరు ఇందులో పలక్కూడదు' అని ఆ పెద్దావిడ మా అమ్మ చేత ఒట్టు వేయించుకుంది. అమ్మ పేరు మానేసింది గానీ చోటు మానలేకపోయింది. నాకూ అలాగే నేర్పింది. ఆగాక నేను చెప్పేది మా అమ్మ పేరు. ఆ ఆగిన చోటు మీ నాయనమ్మదమ్మా. అందులోకి ఇంకెవరినీ రానివ్వలేదు."

ఇన్నేళ్ళూ మా అత్త ఊపిరి చాలదని వెక్కిరించింది ఆ చోటునే. అత్త తల దించుకుంది. ఒళ్ళో రేపల్లె పిల్ల నిద్రపోయి ఉంది. దాని జుట్టు మీద అత్త కన్నీళ్ళు పడ్డాయి. చాలాసేపు ఆ పిల్లనే చూస్తూ కూర్చుని, కర్రను ఆవిడ చేతిలో పెట్టేసింది. "ఇంకోసారి చెప్పు. మొదట్నుంచీ చెప్పు" అంది.

ఆవిడ మొదట్నుంచీ చెప్పింది. ఆ చోటుకు వచ్చి ఆగినప్పుడు అత్త పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. మళ్ళీ పిలుపు సాగింది. ఆవిడ వెళ్ళేటప్పుడు అత్త బుట్ట నిండా బియ్యం పోసి, దొడ్డిదారిన కాకుండా వీధి గుమ్మం నుంచే పంపించింది.

సాయంత్రం నాన్న వచ్చి దొడ్లో చిందిన బియ్యం చూశాడు. అత్త వాచిన కళ్ళు కూడా చూశాడు. "కోళ్ళకు వేశావా అక్కా?" అన్నాడు. "ఆఁ, కోళ్ళకే" అంది అత్త. మా ఇంట్లో కోళ్ళు లేవు.

నాకు మాత్రం అత్త మీద పట్టరాని కోపంగా ఉంది. చేతికి దొరికినదాన్ని ఎవరైనా తిరిగిస్తారా? పక్కలు వేసే వేళకు మూతి ముడుచుకుని నా గోడవారకు పోతుంటే చెయ్యి పట్టి ఆపింది. "రా, నీకొక ఎరుక చెబుతాను. మీ నాన్నతో చెప్పావంటే చంపుతా" అని, నా అరచేతిలో పసుపు కొమ్ము పెట్టి, దాని మీద వేలు ఆనించింది. "ఈ పిల్లకి కడుపులో మంట. ఎవరో వచ్చి తన చోటు లాగేసుకున్నారని మంట. అవునా, కాదా?"

నేను బావురుమన్నాను. అంతమాత్రం తెలుసుకోవడానికి మంత్రాలు అక్కర్లేదని ఇప్పుడు తెలుసు. అదే మంట తన కడుపులోనూ ఉన్న మనిషికి ఎదుటివాళ్ళది కనపడుతుంది. అప్పుడు మాత్రం ఆవిడ నిజంగా మంత్రగత్తేనని నమ్మాను.

"పిచ్చిమొహమా, చూడు" అని తన చాప చూపించింది. కుడివైపున రేపల్లె పిల్ల పడుకుని ఉంది. ఎడమవైపున ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. అక్కడ నా పాత దిండు ఉంది. "ఆ పిల్ల వచ్చిన రోజు నుంచీ ఆ పక్కకు ఒక్క రాత్రి దొర్లానేమో అడుగు ఎవరినైనా. అటు తిరిగి పడుకుని మూలిగింది నువ్వే కదే!" అంది. నిజమే, నేను రోజూ గోడవైపు తిరిగే పడుకున్నాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి నుంచి మళ్ళీ ఆ ఎడమవైపు నాది. రేపల్లె పిల్ల మీద కుళ్ళు ఆ ఒక్క రాత్రిలో పోయిందంటే అబద్ధం. ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్ళం. ఈ వయసులో కూడా దాని జడ నా జడకన్నా ఒత్తుగా ఉండడం నాకు సుతరామూ నచ్చదు. కానీ దాన్ని చూసి, నా చోటు పోయిందని మళ్ళీ ఎన్నడూ అనుకోలేదు. ఎరుక పిలుపు వినపడినప్పుడల్లా అత్త వీధి గుమ్మంలోకే వచ్చి నిలబడేది. ఆ ఆగిన చోట పెదవులు కదిపేది. చనిపోయేదాకా ఆవిడను ప్రభు భోజనానికి ఎవరూ రావద్దనలేదు.

నేనిప్పుడు బాపట్లలో నా కూతురి దగ్గర ఉంటున్నాను. ఈ వీధుల్లో ఆ పిలుపు విని చాలా ఏళ్ళయింది. రాత్రి కుటుంబ ప్రార్థన నేనే చేస్తాను. పిల్లలందరి పేర్లూ, రేపల్లెలో ఉన్న నా చెల్లెలి పేరూ, ఎవరినీ వదలకుండా చెబుతాను. మా అత్త పేరు చెప్పాక ఒక్క ఊపిరి సేపు ఆగుతాను. బుట్ట మోసినావిడకూ, ఆమె కూతురికీ అది. పిలుపు చివర విన్న ఆ తల్లి పేరు ఇప్పుడు గుర్తు లేదు, కూతురి పేరు ఎప్పుడూ అడగలేదు నేను. మా మనవడు ఆయాసమనుకుని వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా చేతికిస్తాడు. కాదని చెప్పకుండా తాగి, తర్వాతి పేరు అందుకుంటాను.