తుక్కులోకి పోకుండా ఆగిన ఆరు కంప్యూటర్లు

ఆ గ్రంథాలయంలో ఆమెను అందరూ బైండింగక్క అంటారు. ఇరవై రెండేళ్ల కిందట చిరిగిన పుస్తకాలు కుట్టే పనికి చేరింది. కంప్యూటర్ గది చూసుకునే మనిషి రిటైరవుతూ, తాళంచెవి ఎవరికివ్వాలో తోచక ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. అలా ఆరు కంప్యూటర్లు ఆమె నెత్తిన పడ్డాయి. మొదట్లో మౌసు ముట్టుకోవాలంటేనే భయం. రిపేరుకొచ్చిన వాళ్ల పక్కనే నిలబడి, వాళ్లు విసుక్కున్నా వదలకుండా అడిగి, రూళ్ల నోటుబుక్కులో రాసుకుని నేర్చుకుంది.

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లే ఆ గదికి వస్తారు. ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకునేవాళ్లు, పింఛను కాగితాల కోసం తిరిగేవాళ్లు. రిటైరైన కండక్టర్ గారైతే రోజూ పదింటికల్లా వచ్చి, తన సర్వీసు కథను ఒంటి వేలితో టైపు చేసుకుంటాడు.

ఏడాదిగా ఆ కంప్యూటర్లు నత్తలకు తమ్ముళ్లయ్యాయి. కంప్యూటర్‌ను నడిపించే కొత్త సిస్టమ్ వాటి మీద ఎక్కదు. పాతదానికి దాన్ని చేసినవాళ్లే దండం పెట్టేశారు. చివరికి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నెలాఖరుకు అన్నిటినీ తుక్కు కింద పంపేసి, గది మూసేయమని. కొత్తవి ఎప్పుడొస్తాయో అందులో లేదు.

బైండింగక్క ఆ కాగితం రెండుసార్లు చదివి, లైబ్రేరియన్ సారు దగ్గరికి వెళ్లింది.

"సార్, వీటి ఒంట్లో జబ్బేం లేదు. మోయలేని బరువు నెత్తికెత్తాం, అంతే. నాకు రెండు వారాలివ్వండి."

సారు మెత్తటి మనిషి. కాకపోతే పై కాగితమంటే ఆయనకు వణుకు. కాసేపు కళ్లజోడు తుడుచుకుని, సరేనమ్మా, నా మాట పోకుండా చూడు అన్నాడు.

తేలికైన సిస్టమ్‌లు ఊరికే దొరుకుతాయని ఆమెకు తెలుసు. రెడీమేడ్‌వి రెండు ఎక్కించి చూసింది. ఒకటి ఆ పాత చిప్పుల మీద అసలు లేవలేదు. రెండోది లేచింది గానీ ఆయాసపడింది. ఇక సొంతంగా కట్టుకోవడమే దారి. ఆ తేలిక సిస్టమ్ రాసినవాళ్లు దాని మూలం, అంటే సోర్స్ కోడ్ మొత్తాన్ని అందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా విప్పి, అక్కర్లేనివి తీసేసి, తమ యంత్రానికి సరిపడా మళ్లీ కట్టుకోవచ్చు.

సారు సంతకంతో ఒక కంప్యూటర్ ఇంటికి తెచ్చుకుంది. సిస్టమ్‌లోని ఒక్కో భాగం పేరూ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతూ, మా గదిలో ఇది లేదు, ఇదీ లేదు అని తీసేసుకుంటూ పోయింది. శనివారం సెలవు పెట్టి, పొద్దున్నే మిగిలినవాటితో సిస్టమ్ కట్టడం మొదలుపెట్టింది. అయిదు గంటలు పట్టింది. ఫ్యాను హోరు విని అత్తగారు వచ్చి, దీనికి ఊపిరాడుతున్నట్టు లేదే, కాసేపు పడుకోనివ్వమని సలహా ఇచ్చింది.

మధ్యాహ్నం ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి గీతలు జలజలా పరుగెత్తాయి. అంతలోనే ఆగిపోయాయి. డిస్కు దొరకడం లేదని చివరి ముక్క. మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ అదే చోట ఆగింది. ఆ తెరను ఫోటో తీసి, ఇలాంటి పనులు చేసేవాళ్లు మాట్లాడుకునే ఇంటర్నెట్ గుంపులో పెట్టింది.

మర్నాడు పొద్దున, ముక్కూ మొహం తెలియని మనిషెవరో జవాబు రాశారు. బరువు తగ్గించే తొందరలో, పాత డిస్కులను గుర్తుపట్టే భాగాన్ని కూడా తీసేశారమ్మా, దాన్ని తిరిగి చేర్చండి అని.

ఆమె అది చదివి వినిపిస్తే అత్తగారు తల ఊపింది. "రాళ్లు ఏరుతూ గింజలు కూడా పారేశావన్నమాట."

"అంతే అత్తయ్యా," అంది బైండింగక్క. నిన్నటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ భాగం చేర్చి మళ్లీ కట్టింది. ఈసారి గీతలు ఆగలేదు. నలభై సెకన్లలో నీలం రంగు తెర, కింద చిన్న పట్టీ, బాణం గుర్తు వచ్చాయి. ఆ డిస్కులోనే ఉన్న కండక్టర్ గారి ఫైలు తెరిస్తే మాత్రం తెలుగు బదులు వరసగా డబ్బాలు. తెలుగు అక్షరాల ఫాంట్లు పెట్టడం మర్చిపోయింది. అదొక గంట పని.

వారంలో మిగతా అయిదూ లేచాయి. వాటిలో చివరిది కొంచెం మొండికేసింది. మెమరీ ముక్కను ఊడదీసి, గుడ్డతో తుడిచి మళ్లీ గుచ్చితే దారికొచ్చింది.

పై ఆఫీసు అధికారి తుక్కు లెక్క రాసుకోవడానికి వచ్చిన రోజు ఆరింటి ముందూ మనుషులు కూర్చుని ఉన్నారు. ఆయన ఒకదాన్ని ఆపించి, వాచీ చూసుకుంటూ తనే ఆన్ చేశాడు. నీలం తెర వచ్చింది.

"ఎవరు చేశారిది?"

లైబ్రేరియన్ సారు గొంతు సవరించుకుని, "మా బైండింగక్కండీ" అన్నాడు.

అధికారి తన కాగితం తీశాడు. తుక్కు అని రాసున్న చోట కొట్టేసి, వాడుకలో ఉన్నవి అని రాసి సంతకం పెట్టాడు. ఆయన మెట్లు దిగిన చప్పుడు వినిపించేదాకా ఆమె నిలబడే ఉంది. కిటికీ పక్క స్టూలు మీద కూలబడి, సీసాలో నీళ్లు సగం తాగింది. వారం రోజులుగా పట్టేసిన మెడ అప్పుడు వదులైంది. ఎవరో ప్రింటు రావడం లేదని పిలిచారు. వస్తున్నానంది గానీ, ఇంకో రెండు నిమిషాలు అక్కడే కూర్చుంది.