టొలీడో కార్డుల షోకి మామగారితో

మా మామగారి ఇంట్లో మార్కుల జాబితా మొదలుకొని రేషన్ కార్డు దాకా లామినేషన్ చేయని కాగితం లేదు. విద్యుత్ శాఖలో రిటైరైన ఆయనకు అదొక ధర్మం. ఈ వేసవిలో ఇండియా నుంచి డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, పదకొండేళ్ల మా అమ్మాయి నిత్య ప్రాణంగా చూసుకునే, ఆటగాడి బొమ్మ అచ్చేసిన బేస్‌బాల్ కార్డు ఆయన కంటపడింది. డెట్రాయిట్ జట్టులో తనకు బాగా ఇష్టమైన క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడి, తొలి ఏడాది కార్డు అది. పాడైపోతుందేమోనని ఆయన దాన్ని షాపుకి తీసుకెళ్లి, శుభ్రంగా లామినేషన్ చేయించి తెచ్చారు. అలా చేసిన కార్డును కార్డులు సేకరించేవాళ్లెవరూ కొనరని, ఊడదీస్తే బొమ్మ కూడా ఊడివస్తుందని ఆయనకేం తెలుసు? నిత్య అరవలేదు, ఏడవలేదు. తాతయ్యతో మాట్లాడటం మానేసింది. ఆయన తిరుగు ప్రయాణానికి ఇంకో వారమే ఉంది. ఇలాగే వెళ్లిపోతారేమోనని నాకు దిగులు పట్టుకుంది. అందుకే అలాంటి కార్డు ఇంకొకటి దొరుకుతుందేమోనని ఆ శనివారం ముగ్గురం ఒహాయోలోని టొలీడోలో కార్డుల షోకి బయలుదేరాం.

పొద్దున ఎనిమిదింటికి పులిహోర కట్టుకుని కారెక్కాం. 275 హైవే మీదుగా 75 పట్టుకుని దక్షిణంగా వెళ్తే గంటా పావు. పార్కింగ్ ఉచితం, టికెట్ మూడు డాలర్లు, పిల్లలకు లేదు. దారంతా వెనక సీట్లో తాతా మనవరాలూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

హాల్లో అడుగుపెట్టాం. ఈ చివర నుంచి ఆ చివరకు టేబుళ్లు, వాటి మీద పొడవాటి తెల్ల అట్టపెట్టెలు, పెట్టెల నిండా కార్డులు. అంతమంది జనం ఉన్నా గుడిలో ఉన్నంత నెమ్మది. వేలి కొసలతో ఒక్కో కార్డూ తిప్పుకుంటూ వెళ్తున్నారు. మా పక్క టేబుల్ దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఒక కార్డును అంచులు మాత్రమే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు మొదలుపెట్టిన సెట్టులో దొరకని ఆఖరి కార్డు అదేనట. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ఆటలో నాకు ఓనమాలు రావు, అయినా కళ్లు చెమర్చాయి.

మామగారు లామినేషన్ కార్డును ఒక అమ్మకందారుకు చూపించారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వేసింది.

"ఊరికే ఇచ్చినా తీసుకోనండీ. ఎందుకిలా చేశారు?"

"ప్రొటెక్షన్, మేడమ్," అన్నారాయన, తల దించుకుని.

ఆవిడ దగ్గరే అచ్చం అలాంటి కార్డు గట్టి ప్లాస్టిక్ డబ్బీలో దొరికింది. ఎనిమిది డాలర్లు. మామగారు బేరం కూడా ఆడలేదు. నిత్య "థాంక్స్" అంది, ఆయన ముఖం చూడకుండానే.

పార్కింగ్ లాట్‌లో చెట్టు నీడన పులిహోర తింటుంటే ఆయన కొత్త కార్డును డబ్బీలోంచి తీసి చూద్దామని చెయ్యి చాచారు.

"ఆగు తాతయ్యా! నీ హ్యాండ్‌కి ఆయిల్ ఉంది!"

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ ముఖం చూడలేకపోయాను. నిత్య కూడా చూసింది. తాతయ్య జేబులోంచి లామినేషన్ కార్డు తీసి ఆయన పసుపు చేతిలోనే పెట్టింది.

"ఇది పట్టుకో. దీనికి ఏం కాదు."

ఆయన దాన్ని అపురూపంగా పట్టుకుని, "ఈయన మొహానికి ఆ జాలీ ఎందుకు తల్లీ?" అన్నారు.

"అది మాస్క్, తాతయ్యా! బాల్ ఎంత ఫాస్ట్ వస్తుందో తెలుసా?"

అంతే. కార్డు వెనక ఉన్న అంకెలన్నీ ఇల్లు చేరేదాకా విప్పి చెబుతూనే ఉంది. నేను రేడియో కట్టేశాను.

మీరూ ఇలాంటి షోకి వెళ్తుంటే ఒక్క సలహా: తిండి సంగతి ముందే చూసుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్లండి. మనుషులు ఒక అట్టముక్కను అంత భక్తిగా కాపాడుకోవడం చూసి నేనింకా ఆశ్చర్యంలోనే ఉన్నాను. కానీ ఆ మిగిలిన వారమంతా కొత్త కార్డు డబ్బీలోంచి బయటికి రాలేదు. రోజూ సాయంత్రం టీవీలో ఆట మొదలవగానే తాతా మనవరాలూ చెరో అంచూ పట్టుకుని కూర్చున్నది ఎవరూ కొనని ఆ కార్డునే.