రాళ్లబస్తీకి రాని ట్యాంకర్

ఒక మున్సిపల్ చైర్మన్‌ను రెండోసారి కుర్చీల కూసోబెట్టినోణ్ని నేను. ఒక్కణ్నే. జెండాలు కాదు, సారా కాదు, నా గొంతు. నాచారం చౌరస్తాల మైకు పట్టి "హలో" అన్ననంటే మౌలాలి గుట్ట మీది దర్గా పావురాలు లేచేటివి. గెలిచిన దినం చైర్మన్ సాబ్ మా ఇంటిదాక నడుచుకుంట వచ్చి, నన్ను అలుముకొని, "అన్నా, ఈ పదవి నీది" అన్నడు.

నేను ఎప్పుడు చెప్పినా ఈ కథ గిట్లనే మొదలైతది. ముప్పై ఏండ్లు దాటింది చెప్పబట్టి. చాయ్ హోటళ్లల్ల చెప్పిన, పెండ్లిళ్లల్ల చెప్పిన, సావులకాడ కూడ చెప్పిన. విన్నోళ్లు నవ్విన్రు, నేను కూడ నవ్విన. కాని అన్నేండ్లు నెత్తి మీద నిండు బిందె పెట్టుకొనే తిరిగిన. నిండు బిందెను ఎత్తుకునుడు కష్టం కాదు, దించుడు కష్టం. పక్కన ఒకరు చేయి పట్టాలె. నేను ఎవరినీ పట్టమని అడగలేదు.

నువ్వు ఎవరో నాకు తెల్వదు. చదువుతున్నవు కద, జర చేయి పట్టు. దించినంక తిట్టుకుంటవా, తిట్టుకో. మాఫీ మాత్రం అడగను. ఇచ్చినా తీసుకోను.

ముందు అబద్ధాలు తీసి పక్కకు పెడత. పావురాలు లేవలేదు. గాలి ఇటు నుంచి ఉంటే నా గొంతు రైల్వే గేటు దాక పొయ్యేది, అంతే. చైర్మన్ మా ఇంటికి రాలేదు. ఊరేగింపుల జీపు మీద నిలబడి పోతుంటే చెయ్యి ఎత్తిండు. నాకు ఎత్తిండా, నా వెనక పాన్‌డబ్బా ఆయనకు ఎత్తిండా, ఇప్పటికీ తెల్వదు.

నాది మైకు సెట్టు దుకాణం. బోనాలకు నా మైకే, పెండ్లికి నా మైకే, క్రిస్మస్‌కు చర్చిల పాటలు పాడేది నా మైకులనే. మున్సిపాలిటీ పని కూడ చేసేది. నల్లా ఎప్పుడు ఇడుస్తరు, ట్యాంకర్ ఏ బస్తీకి పోతది, ఆటోకు మైకు కట్టి గల్లీ గల్లీ తిరిగి చెప్పేది. ఆ రోజుల్ల మా దిక్కు ఫ్యాక్టరీలు మస్తు, నీళ్లు తక్కువ. నా ఆటో మలుపు తిరిగిందంటే ఆడోళ్లు బిందె చంకన పెట్టుకొని వాకిట్లకు వచ్చేది. పసిపిల్లలు మాటలు రాకముందే నా గొంతును గుర్తుపట్టేటోళ్లు. ఇది పెంచి చెప్తలేను. ఆ గొంతు వినపడితే నీళ్లు వస్తయి, దానికి వేరే అర్థం లేకుండె.

రాళ్లబస్తీ అని ఉండె, నాచారం నుంచి మౌలాలి పోయే తొవ్వల. పట్టాల పక్కన, బండల మీద కట్టుకున్న ఇండ్లు. పల్లెలల్ల కరువొస్తే పనికొచ్చి ఇక్కడనే ఆగిపోయినోళ్లు. సగం మంది ఆదివారం చర్చికి పొయ్యేటోళ్లు, మిగిలినోళ్లు ఫ్యాక్టరీలల్ల ఓవర్‌టైముకు. ఆ బస్తీకి నల్లా లేదు. బండ తవ్వాలె, ఎవరు తవ్వుతరు అని కౌన్సిల్ మీటింగు పెట్టినప్పుడల్లా ఆ మాట పక్కకు జరిగేది. ట్యాంకరే దిక్కు. అది కూడ దాని ఇష్టం ఉన్నప్పుడు వచ్చేది.

అక్కడనే ఒక రేకుల షెడ్డుల బడి నడిపేది సుగుణమ్మ టీచర్. పొట్టి మనిషి. గొంతు అస్సలు లేదు, నా దుకాణంల మైకు ఇచ్చినా దానికి దూరంగ నిలబడి మాట్లాడేది. ఆ రోజుల్ల చైర్మన్‌ను జనమే నేరుగ ఎన్నుకునేది. రెండోసారి గెలవాలని చైర్మన్ సాబ్ బయలెల్లిండో లేదో, ఆయన మీద ఈమె నిలబడ్డది. గుర్తు నిచ్చెన. ఆమె చెప్పింది ఒక్కటే మాట: "బండ తవ్విస్త, నల్లా తెస్త."

మేం నవ్వినం. తర్వాత ఒక దినం ఆమె బస్తీ ఆడోళ్లందరినీ తీస్కొని వచ్చి మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద ఖాళీ బిందెలు బోర్లించి కూసున్నది. కౌన్సిలర్లు లోపలికి పోవాలంటే బిందెల నడుమ నుంచి పంచె ఎత్తుకొని పోవాల్సొచ్చింది. ఊరంత చూసింది. ఆ దినం నుంచి చైర్మన్ నవ్వుడు బంద్ చేసిండు.

ఓట్లకు ముందు ఒక పొద్దు నా దుకాణం ముందర జీపు ఆగింది. ఆయన దిగలేదు. నేనే ఉరికి పోయిన. అద్దంల జుట్టు దువ్వుకుంట, నా మొఖం చూడకుంటనే అన్నడు: "రాళ్లబస్తీ ఆడోళ్లు ఓట్ల దినం జర ఇంటికాడనే ఉంటె మంచిగుండు." అంతే. జీపు పోయింది.

"నా చేతులు పట్టుకొని బతిలాడిండు" అని చెప్పేది నేను. లేదు. ట్యాంకర్ మాట ఆయన నోట్ల నుంచి రానే లేదు. ఆ మాట నాది. ఆయనను ముందట పెట్టి నేను వెనక దాక్కుందామని చూసిన ఇన్నేండ్లు. ఎంత వెతికినా దాక్కునే జాగ దొరకలేదు.

ఓట్ల దినం ప్రచారం మైకు పెట్టొద్దు. పోలీసులు పట్టుకుంటరు. కాని నీళ్ల మైకును ఎవడు పట్టుకుంటడు? పొద్దున్నే ఆటో తీసిన. రాళ్లబస్తీ కింది గల్లీల మొదలుపెట్టి, పైన బండ దాక పోయిన.

"రాళ్లబస్తీ అక్కచెల్లెండ్లకు మనవి. ఈ దినం మంచినీళ్ల ట్యాంకర్ మీ బస్తీకే వస్తున్నది. ఏ టైముకైనా రావొచ్చు. బిందెలు వరుసల పెట్టుకొని తయారుగుండున్రి."

ట్యాంకర్ లేదు. మున్సిపాలిటీల ఒక్కరికి కూడ ఈ సంగతి తెల్వదు. నా గొంతు వణికిందా? వణికిందని రాస్తే నువ్వు నన్ను కొంచెం మంచోడనుకుంటవు. వణకలేదు. అబద్ధం చెప్పేటప్పుడే అది ఇంకా మంచిగ పలుకుతది.

ఎండ నెత్తి మీదికొచ్చినంక పనుందని చెప్పుకొని మళ్ల అటు పోయిన. బస్తీ మొదట్లనే ఆగి చూసిన. బిందెల వరుస బండ మీంచి కిందిదాక, మెలికలు తిరుక్కుంట ఉన్నది. ఒక్కొక్క బిందె అద్దం లెక్క మెరుస్తున్నది. ప్రతి ఇంటి ముందర వాకిలి తడిసి ఉన్నది. పిల్లలు నున్నగ తలలు దువ్వుకొని ఉరుకుతున్నరు. నీడకు ఇద్దరు ముసలోళ్లు కూసున్నరు. పండుగ లెక్క ఉండె బస్తీ. పని అయిందిరా అనుకున్న. ఆటో తిప్పిన.

టీచరమ్మ ఓడింది. మరీ చాన ఓట్లతోని కాదు. పెండ్లిల రెండు బంతులు తిని లేస్తే ఎంత జనమో, అంత తేడా. ఆ రెండు బంతుల జనం ఎవరో నాకు తెలుసనుకున్న. ఎండల బిందెలకు కావలి కూసున్నోళ్లు.

మరుసటి ఎండాకాలం మా గల్లీకి నల్లా వచ్చింది. నేను అడగలేదు. వద్దని కూడ అనలేదు. మా ఇంటామె నల్లాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి చెంబు నాకే ఇచ్చింది. తాగిన. తియ్యగ ఉండె. చేదుగ ఉన్నయని రాద్దామని చాన సేపు ఆగిన ఇక్కడ. తియ్యగనే ఉండె. రాళ్లబస్తీ బండ తవ్వెతందుకు మాత్రం ఇంకా చాన ఏండ్లు పట్టింది.

ఇంకొకటి. ఆ ఓట్ల తర్వాత నిజంగ ట్యాంకర్ పోయేటప్పుడు కూడ, నేను రాళ్లబస్తీల మైకుల ఎంత మొత్తుకున్నా వాకిట్లకు ఎవరూ రాలేదు. ట్యాంకర్ కండ్లపడ్డంకనే బిందె ఎత్తేది. ఓట్ల కోపం అనుకున్న. ఎవరో చెప్పిన్రు, నా ఎత్తు తెలిసిపోయింది అనుకున్న. లోపల లోపల జర గర్వం కూడ అయింది. బస్తీ మొత్తం నన్ను పగబట్టిందంటే నేను చిన్నోణ్ని కాదు కద.

ఎందుకు చేసిన? ఆమె నాకేం చేసింది? చర్చి పాటలకు మైకు నా దగ్గరనే తీసుకున్నది, వైరు తెగినా మాట అనలేదు. కులమా, మతమా? కాదు. అదైతే ఎవరి మీదనన్న తోసేటోణ్ని. ఒక చైర్మన్ జీపు నా దుకాణం ముందట ఆగింది. చుట్టుపక్కల దుకాణాలోళ్లు చూసిన్రు. దానికి. ఒట్టిగ దానికే.

ఓట్లల్ల అందరూ ఏదో ఒకటి చేసిన్రు కద అంటవా? నేను కూడ అన్న. సీసాలు పంచినోళ్లు లేరా, దేవుని పటం మీద ప్రమాణం చేయించినోళ్లు లేరా? ఉన్నరు. వాళ్ల బిందెలు వాళ్లు దించుకుంటరు. ఇది నాది.

ఈ మధ్య సుగుణమ్మ టీచర్ పోయింది. పెద్ద వయసుకే పోయింది. చర్చిల ప్రార్థన పెట్టిన్రు. మైకు వేరే ఎవరిదో. నేను పోయి వెనక బెంచీల కూసున్న. అందరూ లేచి ఆమె నేర్పిన ఎక్కాలు, ఆమె కొట్టిన దెబ్బలు తలుచుకున్నరు. ఓడిన ఓట్ల ముచ్చట ఎవరూ ఎత్తలేదు. నాకే మనసు ఆగలేదు.

భోజనాలైనంక బయట నల్లాలకాడ బాలమణి కనపడ్డది. రాళ్లబస్తీ మనిషే. ఆ ఎన్నికలప్పుడు కొత్త కోడలు, నిచ్చెన జెండా పట్టుకొని అందరికన్న ముందు నడిచేది. ఇప్పుడు జుట్టు మొత్తం తెల్లబడ్డది. ఎంగిలి చేతులు కడుక్కుంటున్నది. పక్క నల్లాకాడ నిలబడి చెప్పిన. "చెల్లె, టీచరమ్మను ఓడగొట్టింది నేను." ట్యాంకర్ సంగతి మొదటి నుంచి చివరిదాక చెప్పిన, జీపు సంగతి కూడ. చెప్తుంటే బిందె దిగుతున్నట్టే అయింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. వచ్చినయి కాదు, తెచ్చుకున్న.

ఆమె అన్న మాటలు ఉన్నయి ఉన్నట్టు రాస్త. నా నోటికి ఒక మాట కలపకుంట చెప్పుడు రాదు. ఈ ఒక్కసారికి చేతితోని ప్రయత్నం చేస్త.

"మేం ఓటెయ్యలేదని నీకెవరు జెప్పిన్రు మైకన్నా?"

"లైన్ల ఉంటిరి కద."

"బిందెలుండె. బిందె పెట్టినంక మనిషి ఉండాల్నా? ఇన్నేండ్లు నీళ్ల మైకు తిప్పినవు, గంత గూడ తెల్వదా? ఇద్దరు ముసలోళ్లను కావలి పెట్టి అందరం పోయి ఓటేసొచ్చినం. జరంతోని ఉన్న మా అత్తను గూడ రిక్షాల తీస్కపోయిన. మా బస్తీ ఓట్ల డబ్బా ఇప్పితే అన్నీ నిచ్చెనలే. టీచరమ్మ ఓడింది మీ దిక్కు. ఇంట్ల నల్లా ఉన్నోళ్లకు మా బండతోని ఏం పని?"

"అంటే నా వల్ల కాదా?"

"నీ వల్లనా? చైర్మన్లను గెలిపించేటంత పెద్దోనివి గాదు నువ్వు. ఊకె మోస్తున్నవు."

నాకు సంతోషం కావాల్సింది. మనసు నొచ్చింది. ముప్పై ఏండ్ల పాపాన్ని ఆమె చెయ్యి దులుపుకున్నట్టు దులిపేసింది. "అయితే నేను చేసిన తప్పేం లేదన్నట్టేనా?" అన్న, పొట్లాటకు వచ్చినట్టు.

ఆమె నల్లా గట్టిగ తిప్పి బంద్ చేసింది. ఒక్క సుక్క కూడ కారకుంట చూసుకొని, అప్పుడు నా దిక్కు తిరిగింది.

"ట్యాంకర్ వస్తుందంటే మేం ఏం జేస్తమో ఎరికేనా? కొంచెం కొంచెం దాసుకున్న పాత నీళ్లు ఉంటయి కద, వాటితోని పిల్లలకు తానాలు పోస్తం, వాకిలి సల్లుతం, బిందెలు తోముతం. కొత్త నీళ్లు వస్తున్నయి కదా అని. ఆ దినం నీ గొంతు ఇని బస్తీ మొత్తం ఉన్న నీళ్లన్నీ ఖర్చుజేసుకున్నది. పొద్దుమూకినంక తాగెతందుకు లేవు. మా అత్త నీళ్లు నీళ్లు అంటుంటె చెంబు పట్టుకొని రైల్వే క్వార్టర్లకు పోయిన. గేటుకాడ నిలబెట్టి, అనరాని మాటలు అని, సగం చెంబు పోసిన్రు. ఓట్ల ముచ్చట నీ గొప్పకు నువ్వు జెప్పుకునేది మైకన్నా. ఒప్పుకుంటె ఆ నీళ్లు ఒప్పుకో."