అంచు దాటిన గీత

మా అన్నయ్యకి గొంతు పోయిన రోజునే చెయ్యి కూడా పోయింది. చేతికి ఏ జబ్బూ లేదని డాక్టరు రెండుసార్లు చూసి మరీ చెప్పాడు. ఆయనకేం తెలుసు! మా ఇంట్లో బొమ్మ వేసేటప్పుడు ముందు చరణం ఎత్తుకోవాలి. పాడుతున్నంతసేపూ కుంచె నడవాలి, ఊపిరి ఆగినచోట గీత ఆగాలి. తాతా నాన్నా అలాగే వేశారు. వాళ్ల గీత ఒక్కటీ బొమ్మ చుట్టూ వేసే ఎర్ర అంచు దాటలేదు.

గొంతు ఆపరేషన్‌తో పాట ఆగిపోయింది. సంగీతశాలకి ఇవ్వాల్సిన చెక్కపలక మీది పెద్ద బొమ్మ సగంలో ఉంది. అందులో పాడే మనిషికి ఇంకా కుడిచెయ్యి లేదు. నాలుగు రోజులే గడువు. అన్నయ్య కుంచె ముంచుతాడు, కడిగేస్తాడు, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతాడు. నేను నూరిన రంగు గిన్నెలోనే ఎండిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. పాత రికార్డింగ్ పెట్టి చూశాం. అది కుంచె వంక చూసి పాడదు కదా, రెండో గీతకే విసిరికొట్టాడు.

పక్కగదిలో ఆయన కూతురు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఇంతింత కాన్వాసుల మీద రంగు కుమ్మరిస్తుంది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. "అది బొమ్మా, గోడకి పట్టిన చెమ్మా?" అనేవాడు గొంతున్న రోజుల్లో.

మూడోరోజు ఉండబట్టలేక దాని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"నువ్వు పాడవే."

"నాకు సగమే వచ్చత్తా!"

"వచ్చిందే పాడు. కుంచె చూస్తూ పాడు."

పాడింది. అన్నయ్య ముఖం చిట్లించాడు, కానీ కుంచె కదిలింది. బొమ్మలో మనిషికి భుజం, మోచెయ్యి, మణికట్టు వచ్చాయి. ఆగాల్సినచోట పిల్ల ఆగలేదు. చిన్నప్పట్నుంచీ దానికి ఆగడం రాదు. వేళ్లు ఎర్ర అంచు దాటి బయటికి వెళ్లిపోయాయి.

"చెడగొట్టేశాను నాన్నా!"

తప్పు గీత పడితే గీకెయ్యడం మా పద్ధతి. అన్నయ్య కత్తి అందుకున్నాడు. నేను చూడలేక కళ్లు మూసుకున్నాను. బరబరా గీకుతున్న చప్పుడు.

తెరిచి చూస్తే వేళ్లు అలాగే ఉన్నాయి. అంచు రాలుతోంది, ఎర్రటి పొడి ఆయన పాదాల మీద. నాన్న నేర్పిన అంచు. నాకు ఏడుపొచ్చేసింది. అన్నయ్య కూతురివైపు తిరిగి, కత్తి పిడితో చెక్క మీద రెండుసార్లు తట్టాడు.

అది బిక్కమొహం వేసి నన్ను చూసింది.

"ఇంకో చరణం ఎత్తుకోమంటున్నాడే" అన్నాను.